తెర వెనక పిల్లలకూ గౌరవం కావాలి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం బడి నాటకాల గురించే. స్కూల్ డేలు దగ్గర పడుతున్నాయి కదా. హైస్కూల్లో తెలుగు చెబుతూ రిటైరయ్యేదాకా పిల్లల చేత నాటికలు వేయించినదాన్ని కాబట్టి, ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు డల్లాస్‌లో ఉంటారు. మనవరాలు అక్కడ పదకొండో తరగతి. "తాతయ్యా, నేను థెస్పియన్ సొసైటీలో చేరాను, అది పెద్ద గౌరవం" అని ఫోన్‌లో చెప్పింది. తీరా అడిగితే ఒక్క వేషం కూడా వేయలేదట, నాటకాలకు బట్టలు కుట్టిందట. నటించకుండా నాటకంలో గౌరవం ఏమిటి మేడమ్?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అన్నయ్యగారూ, ముందు ఆ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. అది మాటవరసకు ఇచ్చే గౌరవం కాదు. ఇంటర్నేషనల్ థెస్పియన్ సొసైటీ 1929లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌మాంట్‌లో మొదలైంది. హైస్కూల్లో నాటకం కోసం కష్టపడే పిల్లల్ని గుర్తించడమే దాని పని. ఇన్నేళ్లలో 20 లక్షల మందికి పైగా పిల్లలు అందులో చేరారు. బడి తరఫున ఒక ట్రూప్ ఉంటుంది, దాన్ని ఒక టీచర్ చూసుకుంటారు.

నాకు బాగా నచ్చేది వాళ్ల లెక్క. సుమారు 10 గంటల పనికి ఒక పాయింట్. 10 పాయింట్లు వస్తే సభ్యత్వం, అంటే దాదాపు 100 గంటల కష్టం. 60 పాయింట్లు వస్తే ఆనర్ థెస్పియన్ అంటారు. వేషం వేసినా, బట్టలు కుట్టినా, లైట్లు చూసినా, సెట్టుకు రంగులు వేసినా, నాటకం రాసినా గంటలు గంటలే. నటనకే పట్టం కట్టే పోటీలు అక్కడా ఉన్నాయి. హైస్కూల్ మ్యూజికల్స్‌లో నటించే పిల్లలకు 2009 నుంచి న్యూయార్క్‌లో జిమ్మీ అవార్డులు ఇస్తున్నారు. కానీ ఉత్తమ నటి ఒక్కరే అవుతారు. 100 గంటలు పనిచేయడం మనసు పెడితే ఎవరికైనా సాధ్యమే. బడి వయసు పిల్లలకు నేను రెండోదాన్నే కోరుకుంటాను. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఏమేం కుట్టిందో, ఏ పాత్రకు ఏ రంగు ఎందుకు పెట్టిందో అడిగి చూడండి. గంటసేపు చెబుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. పోయినేడు స్కూల్ డే నాటికకు లైట్లు, మ్యూజిక్, తెర అన్నీ వాడే చూసుకున్నాడు. నెల రోజులు సాయంత్రం ఆరు దాకా బడిలోనే ఉన్నాడు. చివర్లో నటించిన వాళ్లందరినీ పిలిచి మెమెంటోలు ఇచ్చారు, వీణ్ణి స్టేజి మీదికే పిలవలేదు. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. "తెర లాగేవాడివి, నీకెందుకురా బహుమతి" అని చుట్టాలు ఆట పట్టించారు. ఈ ఏడు చేయనంటున్నాడు. సరేననమంటారా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అనకండమ్మా. మీ ఉత్తరం చదివి నాకూ బాధేసింది. బాబు అలగడంలో తప్పు లేదు. పిలవకపోవడం పెద్దవాళ్ల పొరపాటు.

లైట్లు చూసే పిల్లవాడికి నాటకం అందరికంటే బాగా వస్తుంది. ఎవరు ఏ వింగ్‌లోంచి వస్తారు, ఏ మాట దగ్గర వెలుగు తగ్గాలి, ఏ డైలాగ్ తర్వాత రెండు క్షణాలు ఆగి మ్యూజిక్ వేయాలి, ఇదంతా వాడి బుర్రలో ఉండాలి. యాక్టర్ ఒక మాట మరిచిపోతే ఎదుటివాడు అందుకుంటాడు. లైటు పడకపోతే అందుకునేవాడు ఉండడు. ఆ టెన్షన్ తట్టుకుని పద్నాలుగేళ్ల పిల్లవాడు నాటికను ఒడ్డుకు చేర్చాడంటే, వాడి పేరు చదివి చప్పట్లు కొట్టించడం ఆ బడి బాధ్యత.

ఒకసారి బాబును సురభి నాటకానికి తీసుకెళ్లండి. 1885లో కడప దగ్గర సురభి అనే ఊళ్లో కీచకవధతో మొదలైన కుటుంబాలవి. ఆ వారసులు ఇప్పుడు మీకు దగ్గర్లోనే, శేరిలింగంపల్లి సురభి కాలనీలో ఉన్నారు. వాళ్ల మాయాబజార్‌కు జనం వెళ్లేదే ఆ మాయలు చూడటానికి. మనుషులు గాల్లో తేలుతారు, కళ్ల ముందే సెట్టు మారిపోతుంది. అదంతా తెర వెనక తీగలు, తాళ్లు పట్టుకున్నవాళ్ల నేర్పు. ఆ కుటుంబాల్లో వేషం కట్టే మనిషే ఇంకో సీన్‌లో తెర వెనక పని అందుకుంటాడు. నాటకం అయ్యాక వీలైతే లోపలికి వెళ్లి, ఆ పని చేసేవాళ్లతో బాబును మాట్లాడనివ్వండి. చుట్టాల మాటకు అదే జవాబు.

ఇక బడి సంగతి. హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లి, గొడవ పడకుండా రెండు విషయాలు అడగండి. ఈసారి బ్రోచర్‌లో నటుల పేర్ల కిందే లైటింగ్, సంగీతం, మేకప్, ప్రాంప్టింగ్ (మరిచిపోయిన డైలాగును తెర చాటు నుంచి అందించడం) చేసిన పిల్లల పేర్లూ వేయమనండి. పోయినేడు బాబు చేసిన పనికి బడి లెటర్‌హెడ్ మీద ఒక సర్టిఫికెట్ రాసిమ్మనండి. ఆ కాగితాలు, బ్రోచర్లు, ఫొటోలు ఒక ఫైల్లో దాచండి. ఇది ఊరికే చెప్పడం లేదు. ఢిల్లీలో 1959లో పెట్టిన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు ఉంది. నటనే కాదు, డిజైన్, డైరెక్షన్ కూడా నేర్పుతారు. దానికి డిగ్రీ ఉండాలి, కొన్ని నాటకాల్లో పనిచేసిన అనుభవమూ చూపించాలి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ యూనివర్సిటీలోనూ థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. బాబు అటు వెళ్తాడో లేదో ఇప్పుడే చెప్పలేం, కానీ నాటకాల్లో చేసిన పనిని రాసిపెట్టుకునే అలవాటు ఇప్పటి నుంచే ఉండాలి.

ప్రశ్న: ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. డ్రామా క్లబ్ పెట్టాలని ఉంది. డబ్బు లేదు, ప్రత్యేకంగా గది లేదు. ఇప్పటిదాకా స్టూడియోలో రికార్డు చేయించిన ట్రాక్ పెట్టి, పిల్లల చేత పెదాలు కదిలించడమే అలవాటు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఉపాధ్యాయుడు, మల్కాజిగిరి

జవాబు: ఆ ట్రాక్ దగ్గరే మొదలుపెట్టండి సార్, దాన్ని మానేయండి. పెద్దవాళ్ల గొంతుకు పిల్లలు పెదాలు కదిలిస్తే వాళ్లు నేర్చుకునేది ఏమీ ఉండదు. తడబడినా సరే, తమ గొంతు వెనక బెంచీ దాకా వినిపించిందన్న సంతోషం పిల్లలకు దక్కాలి. మైకు లేకుండా తరగతి గదిలో వేయించండి. బల్లలు గోడకు జరిపితే స్టేజి వచ్చేస్తుంది.

స్క్రిప్టు కొనక్కర్లేదు, మీ పాఠంలోనే ఉంది. 1908 సెప్టెంబర్‌లో మూసీకి వచ్చిన వరద తీసుకోండి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు మీద గడిపిన సమయాన్ని ఊహించి రాయమంటే మీ పిల్లలే రాస్తారు. ఒక నవాబు ఇంటి మనిషి, ఒక చాకలి, ఒక పసిపిల్ల తల్లి ఒకే కొమ్మ మీద ఉంటే ఏం మాట్లాడుకుంటారు? సెట్టు అక్కర్లేదు, నాలుగు బల్లలు చాలు. మీ పిల్లలు ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడితే అలాగే రాయనివ్వండి, సరిదిద్దకండి.

ఒక వంద పేజీల నోట్‌బుక్ మాత్రం కొనండి. ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు ఏ పని చేశారో పిల్లల చేతే రాయించి, వారానికోసారి మీరు సంతకం పెట్టండి. పైన తాతగారికి చెప్పిన పద్ధతికి డాలర్లతో పని లేదు. ఏడాది చివర ఆ పుస్తకం చూసి, గంటలు పూర్తి చేసిన ప్రతి ఒక్కరినీ స్టేజి మీదికి పిలవండి. ఉత్తమ నటుడు బహుమతి హైస్కూల్లో వద్దనే అంటాను నేను. అది ఒక్కరికి ఇచ్చి మిగతావాళ్లను ఇంటికి పంపిస్తుంది, మరుసటి ఏడాది క్లబ్ సగం ఖాళీ అవుతుంది.

హెడ్‌మాస్టర్ సందేహిస్తే 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చూపించండి. సంగీతం, నృత్యం, చిత్రకళలతో పాటు నాటకం కూడా బడి చదువులో భాగమని అందులో ఉంది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం కేంద్రం 2015 నుంచి కళా ఉత్సవ్ నడుపుతోంది, దాని సర్క్యులర్ వచ్చిందేమో ఆఫీసులో అడగండి. వీలైనప్పుడు పిల్లల్ని బంజారాహిల్స్‌లోని లామకాన్‌కు, రవీంద్రభారతికి తీసుకెళ్లి మంచి నాటకాలు చూపించండి.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. పోటీల్లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. రేపు ఎప్‌సెట్‌లో ఇది ఏమైనా కలిసొస్తుందా?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: కలిసి రాదండీ. సీటు కోసమే అయితే పాపను నాటకంలో ఉంచకండి. ఇష్టపడి చేస్తుంటే మాత్రం ఒక సంగతి ఉంది. పాప యక్షగానం లాంటి సంప్రదాయ కళ ఏదైనా నేర్చుకుంటుంటే, 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కేంద్ర సాంస్కృతిక శాఖ కింద పనిచేసే సీసీఆర్‌టీ అనే సంస్థ స్కాలర్‌షిప్ ఉంది. మాదాపూర్‌లో వాళ్ల కేంద్రం ఉంది, వెళ్లి కనుక్కోండి.

ప్రశ్న: నేను పదో తరగతి. జనవరిలో స్కూల్ డే. నాటికలో మెయిన్ రోల్ నాకే వచ్చింది. మార్చిలో పరీక్షలని అమ్మ వద్దంటోంది. టీచర్‌కు చెప్పాలంటే భయంగా ఉంది.
– విద్యార్థిని, అంబర్‌పేట

జవాబు: బిడ్డా, అమ్మ మాట సగం విను, నా మాట సగం విను. మెయిన్ రోల్ అంటే రోజూ రిహార్సల్, పదో తరగతిలో అది భారమే. దాన్ని తొమ్మిదో తరగతి పిల్లకు ఇవ్వమని అడుగు. నువ్వు ప్రాంప్టింగ్ తీసుకో. వారానికి రెండు రోజులు వెళ్తే చాలు, నాటికకు దూరం కావు. అమ్మకు కూడా ఇలాగే చెప్పు, ఒప్పుకుంటుంది. టీచర్‌కు మాత్రం రేపే చెప్పు. ఇప్పుడు చెబితే ఇంకో పిల్లకు నేర్పడానికి ఆవిడకు టైం ఉంటుంది, డిసెంబర్‌లో చెబితే ఉండదు.