కారులో మెక్సికోకు

ప్రశ్న: శాన్ డియాగో నుంచి కుటుంబంతో కారులో మెక్సికోలోని ఎన్సెనాడా వెళ్లాలనుకుంటున్నాం. ఏ జాగ్రత్తలు అవసరం?

జవాబు: ముందుగా బీమా సంగతి చూసుకోండి. అమెరికా కారు బీమాను మెక్సికో చట్టం గుర్తించదు కనుక, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో తేలేవరకు డ్రైవరును పోలీసులు నిర్బంధించే అవకాశం ఉంది. అందువల్ల మెక్సికన్ సంస్థ పాలసీని సరిహద్దు దాటకముందే తీసుకుని, దాని ముద్రిత ప్రతిని కారులోనే ఉంచండి. అద్దె కారైతే సంస్థ రాతపూర్వక అనుమతి తప్పనిసరి. కారులో తుపాకీ తూటా ఒక్కటి మిగిలి ఉన్నా అక్కడ తీవ్రమైన నేరమే, కాబట్టి డిక్కీ, సీట్ల కింద స్వయంగా వెతకండి. సరిహద్దు దాటగానే వచ్చే తిహువానా నగరం నుంచి టోల్ రహదారిలో, పగటిపూటే ప్రయాణించండి. చీకట్లో ఊళ్ల దగ్గరి ఎత్తైన స్పీడ్ బ్రేకర్లు కనిపించవు. దారిలో కారు ఆగిపోతే 078కు, అత్యవసరమైతే 911కు ఫోన్ చేయండి.