కానుక ఇచ్చేది దేవునికా, నలుగురి మెప్పుకా అని అనుమానం వస్తే ఇవ్వడం ఆపేయాలా?

అడిగినవారి బాధ ఇది. ప్రతి ఆదివారం కానుక వేస్తున్నారు, సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెబుతున్నారు. కానీ ఇదంతా ప్రభువు కోసమా, సంఘంలో పేరు కోసమా అని లోపల పీకుతోందట. మనసు శుభ్రమయ్యేదాకా రెండూ ఆపేస్తే మంచిదా అని అడిగారు.

ఆపొద్దు. ఎందుకో చెప్పాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి.

మాది పాకాల దగ్గర పల్లె. ఉద్యోగం తిరుపతిలో. ఎక్కడున్నా చర్చిలో జరిగే కోత పండుగకు మాత్రం ఊరికి పోతాం. రాగులు, చెనిక్కాయలు, గుమ్మడికాయలు, నాటుకోళ్లు, ఎవరి ఇంట్లో పండింది వాళ్లు తెస్తారు. ఆరాధన అయ్యాక వాటికి పందిట్లో వేలం, వచ్చిన డబ్బు సంఘానికి. ఏడేళ్ల కిందట ఆ వేలంలో ఎనిమిది కిలోల బెల్లం దిమ్మె ఒకటి పెట్టారు. తెల్లవారుజామున గానుగ దగ్గర దించిందేమో, అరిటాకు మీద అడుగున ఇంకా చెమ్మగా ఉంది. అప్పుడు బజార్లో దానికి 400 రూపాయలు కూడా వచ్చేవి కావు.

నేను 500 అన్నాను. వరసకు బావ అయ్యే ఆయన ఒకరు 700 అన్నారు. మా రెండిళ్లకూ పొలం గట్టు మీద పాత తగాదా ఉంది. అక్కడి నుంచి బెల్లం ఎవరికీ కనపడలేదు. వెయ్యి, రెండు వేలు, మూడున్నర. ఆడవాళ్లు వంట దగ్గర నుంచి లేచి వచ్చి చూస్తున్నారు. 6,200 దగ్గర బావ తల తిప్పుకున్నారు. సంఘం సెక్రటరీ అన్న మూడోసారి అనగానే పందిరంతా చప్పట్లు. పాస్టరు అయ్యగారు నా తలమీద చెయ్యి పెట్టి పేరు పెట్టి ప్రార్థన చేశారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది భక్తే అనుకున్నాను.

జేబులో 2,000 ఉంటే కట్టేశాను. మిగతా 4,200 వారంలో పంపిస్తానన్నాను.

తిరుపతికి వచ్చాక పాప స్కూలు ఫీజు, బండి ఈఎంఐ. వారం పోయింది, నెల పోయింది. సెక్రటరీ అన్న ఫోన్ చేశాడు. ఇంకోసారి చేశాడు. మూడోసారి నేను ఎత్తలేదు. ఆయన రెండు ఆవుల పాలు పాలకేంద్రంలో పోసి బతికే మనిషి, ఆ డబ్బు ఆయనది కాదు. అయినా "దేవుని డబ్బు ఇట్ట అప్పు వసూలు చేసినట్టు అడుగుతారా" అని ఇంట్లో విసుక్కున్నాను. మా ఆవిడ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అడిగింది: "ఆ రోజు బావ లేకపోయుంటే ఎంతకు పాడి ఉంటారు?"

500కు. నేను మొదట పలికిన పాట అదే. అంటే అందులో 500 దేవునిది, 5,700 బావది. దేవునికి ఇచ్చిన దానికి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. బావ మీద పంతానికి పాడిన డబ్బు మాత్రం చప్పట్లు ఆగిపోయాక చేతిలోంచి కదలడం లేదు.

మీరు అడిగిన దానికి నా జవాబు ఇక్కడే ఉంది. 5,700 చెడ్డదని 500 కూడా వెనక్కి తీసుకోకండి. బైబిల్లో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు జైల్లో ఉండి రాస్తాడు, కొందరు అసూయతో, పోటీతో క్రీస్తును ప్రకటిస్తున్నారని. వాళ్లను నోరు మూసుకోమనలేదు. ఎట్లా అయినా క్రీస్తు ప్రకటించబడుతున్నాడు కాబట్టి సంతోషమే అన్నాడు.

పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, మొత్తం తెచ్చామని అబద్ధం చెప్పి చనిపోయిన భార్యాభర్తలు అననీయ, సప్పీరాల కథను మనవాళ్లు భయపెట్టడానికి వాడుకుంటారు, పూర్తిగా ఇవ్వకపోతే చస్తారు అన్నట్టు. అక్కడ ఉన్నది అది కాదు. అమ్మకముందు పొలం నీదే, అమ్మాక డబ్బూ నీ చేతిలోదే అని పేతురే అంటాడు. కొంతే తెచ్చామని చెప్పి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఆ కథకు సరిగ్గా ముందు బర్నబా పొలం అమ్మి డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెడతాడు. ఆయనకు వచ్చిన పేరు చూసే వీళ్లకు ఆశ పుట్టిందని నా గట్టి నమ్మకం.

సేవ సంగతికొస్తే, మా ఆఫీసులో ఎప్పుడూ ఒక వాదన వస్తుంది, మిషనరీలు మతం కోసమే ఆసుపత్రులు కట్టారని. ఆ ఆశ వాళ్లకు ఉంది, దాచుకోలేదు కూడా. కానీ మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి మొదలైంది 1915లో. ఆ జబ్బుకు స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940లలో. మధ్యలో అన్నేళ్లు మంచి గాలి, తిండి, విశ్రాంతి, ఇవే ముఖ్యమైన వైద్యం. మా తాత అక్కడ కొన్నాళ్లు ఉన్నాడు. తెల్లారి మంచాల పక్కన కఫం గిన్నెలు తీసుకుపోయేవాళ్ల అడుగుల చప్పుడుకే మెలకువ వచ్చేదని చెప్పేవాడు. ఏ ఉద్దేశంతో మొదలుపెట్టినా, ఆ గిన్నెలు ఏళ్ల తరబడి కడగాలంటే మెప్పు చాలదు. రోగి మీద ప్రేమ పుట్టకపోతే వారంలో పారిపోతారు.

ఇప్పుడు దుప్పట్ల పంపిణీలు చూస్తుంటే కడుపు మండుతుంది. క్రిస్మస్ ముందు ఒక బృందంతో నేనూ పోయాను. ఆసుపత్రి బయట పడుకున్న ముసలామెకు దుప్పటి ఇచ్చి, ఫొటో సరిగా రాలేదని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. ఆమె రెండోసారి కూడా దండం పెట్టింది. అడిగితే మత్తయి 5:16 చూపిస్తారు, మీ మంచి పనులు మనుషులు చూడాలని ఉంది కదా అని. ఆ వచనం పూర్తిగా చదవాలి. చూసి పరలోకంలో ఉన్న తండ్రిని మహిమపరచాలి అని ఉంది. ఆమె దండం పెట్టింది మా ఫ్లెక్సీకి.

నా 4,200 ఐదో నెలలో కట్టాను. ఒక శనివారం సాయంత్రం బస్సు దిగి నేరుగా సెక్రటరీ అన్న ఇంటికి పోయాను. పాలు పితుకుతున్నాడు. కోపం లేదు, ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. చేతులు లుంగీకి తుడుచుకుని రసీదు పుస్తకం తెచ్చాడు. "పేరు వద్దులే అన్నా, ఊరికే రాసుకో" అన్నాను. "పేరు లేకుండా లెక్క ఎట్ట కుదురుతుందిరా" అని పెద్ద అక్షరాలతో నా పేరు రాసి చించి ఇచ్చి, దూడను కాసేపు పట్టుకోమన్నాడు. చీకటి పడేదాకా పట్టుకుని నిలబడ్డాను.

మీరు వచ్చే ఆదివారం సండే స్కూలుకు వెళ్లండి. టీచరు ఎందుకు రాలేదని ఆ పిల్లలకు ఎవరు చెబుతారు?