ఒంటిపోగు డీఎన్ఏ గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆర్కియా అనే ఏకకణ సూక్ష్మజీవుల్లో ప్రోటీన్లు ఒంటిపోగు డీఎన్ఏను (జంట విడిపోయి ఒంటరిగా ఉన్న పోగును) పట్టుకునే తీరుపై నీవు పంపిన వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశావు, సందేహం లేదు. నా పేచీ అంతా “ఆర్కియాలో ఈ ప్రోటీన్ ఇలా పనిచేస్తుంది” అన్న మొదటి వాక్యంతోనే. ఏ ఆర్కియాలో? 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ బాక్టీరియా నుంచి విడదీసి చూపిన ఈ జీవరాశిని ఇలా గంపగుత్తగా మాట్లాడితే వ్యాసం అక్కడే పలచబడుతుంది.

ఒక్క జీవిని ఎంచుకో. ఇటలీలో నేపుల్స్ దగ్గరి ఆమ్లపు వేడి బుగ్గల్లో, సుమారు 80 డిగ్రీల సెల్సియస్ వద్ద పెరిగే సల్ఫోలోబస్ సోల్ఫటారికస్ అందుకు అనువైనది. ఒంటిపోగును పట్టే దాని ప్రోటీన్ 148 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అందులో డీఎన్ఏను పట్టే భాగం ఓబీ మడత (డీఎన్ఏ పోగు ఇమిడే గాడి ఉన్న ప్రోటీన్ ఆకృతి) ఒక్కటే. జంటపోగులో లోపల దాగి ఉండే క్షారాలు (డీఎన్ఏ ‘అక్షరాలు’) పోగులు విడిపోగానే బయటపడి, ఆ మడత గాడిలో ఉన్న ట్రిప్టోఫాన్, ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాల వలయాల మీద పరుచుకుంటాయి. ధనావేశం గల అమైనో ఆమ్లాలేమో డీఎన్ఏ వెన్నెముకలోని ఫాస్ఫేట్లను ఆకర్షిస్తాయి. ఏ క్షారమైనా వలయంపై పరుచుకోగలదు, వెన్నెముక అంతటా ఒకటే. అందుకే ఈ ప్రోటీన్ క్షారాల వరుసను పెద్దగా పట్టించుకోదు. నీవు “అతుక్కుంటుంది” అని ఒక్క మాటతో దాటేసింది ఈ ఘట్టాన్నే. క్షారం వచ్చి పరుచుకున్నప్పుడు ట్రిప్టోఫాన్ వెలువరించే సహజకాంతి (ప్రతిదీప్తి) మందగిస్తుందనీ, ఆ తగ్గుదలను కొలిచి బంధం బలాన్ని లెక్కగడతారనీ రాస్తే, కంటికి కనబడని దాన్ని ఎలా తెలుసుకున్నారన్న పాఠకుడి ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది. ఒక్కో ప్రోటీన్ సుమారు 5 న్యూక్లియోటైడ్లను (ఒక్కో క్షారం గల పోగు ముక్కలను) కప్పుతుంది కాబట్టి, పొడవైన పోగు మీద అవి వరుసగా బారులు తీరవలసిందే.

ఇంత రక్షణ ఎందుకన్నది మాత్రం క్లుప్తంగా చాలు. ఒంటిపోగులోని సైటోసిన్ అనే క్షారం వేడికి త్వరగా యురాసిల్‌గా మారిపోతుంది. పైగా కోసే ఎంజైములకూ ఆ పోగు సులభంగా చిక్కుతుంది.

ఆ తర్వాతే మిగతావాటి జోలికి వెళ్లు. మెథనోకాల్డోకాకస్ జన్నాషీలో ఒకే గొలుసులో నాలుగు ఓబీ మడతలున్నాయి. పైరోకాకస్ ఫ్యూరియోసస్‌లో, మన కణాల్లోని ఆర్‌పీఏ అనే ఒంటిపోగును పట్టే ప్రోటీన్ మాదిరిగానే, మూడు వేర్వేరు ఉపభాగాలు కలిసి పనిచేస్తాయి. థర్మోప్రోటియేలీస్ వర్గంలో చాలా జీవులకు ఓబీ మడత గల ఈ మామూలు ప్రోటీన్ జన్యువే లేదు. ఆ వర్గంలోని థర్మోప్రోటియస్ టెనాక్స్‌లో, ఓబీ మడతతో సంబంధం లేని థర్మోడీబీపీ అనే వేరే ప్రోటీన్ ఒంటిపోగును పట్టుకుంటుందని 2012లో వెల్లడైంది. కనుక “ఈ పనికి ఓబీ మడత తప్పనిసరి” అన్న నీ వాక్యాన్ని నిర్మొహమాటంగా కొట్టేయి. పత్రికకు పంపే ముందు తిరగరాసిన ప్రతిని నాకు ఒకసారి చూపించు.

శుభాకాంక్షలతో.