పూసింది సరే, ఇక పోతదా?

ప్రశ్న: నమస్తే సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. మా మామ ఎన్నడో బావికాడ గట్టు మీద కంచెకని కిత్తనార పెట్టిండు, పద్దెనిమిదేండ్లయి ఉంటది. ఈ ఎండకాలం దాని నడుమకెల్లి కరెంటు పోలు లెక్క ఒక కాడ లేచి పైన గుత్తులు గుత్తులు పసుపుపచ్చ పూలు పూసింది. చూడనీకి సంబరమే గానీ కింద మట్టలు వాడిపోతున్నయి. మందు కొట్టమని ఒకరు, కాడ నరికితే చెట్టు బతుకుతదని ఒకరు, ఇంటికి అరిష్టమని మా పక్కింటామె. ఏం చేయాలె?

జవాబు: మందు కొట్టకండమ్మా, పైసలు దండగ. దానికి రోగమేం లేదు. కిత్తనార జన్మకు ఒక్కసారే పూస్తది, ఇన్నేండ్లు మట్టలల్ల దాచుకున్న చక్కెర, నీళ్లు అన్నీ ఆ ఒక్క కాడకే పెట్టేస్తది, అందుకే అది రోజుకు బెత్తెడు చొప్పున పెరిగి ఇరవై అడుగులు లేస్తది. ఒక మట్టను పట్టుకొని చూడండి (అంచుల ముండ్లు జాగ్రత్త), ఇదివరకు బిర్రుగ ఉన్నది ఇప్పుడు ముడుతలు పడి మెత్తగ తగుల్తది, లోపలిదంతా పైకి పోయింది మరి.

నరికినా లాభం లేదు, ఎందుకంటే దాని మొవ్వే కాడ అయిపోయింది, కొత్త మట్ట వచ్చే జాగ ఇంకెక్కడిది? దీని సొంత దేశం మెక్సికోల టెకీలా సారాకు పెంచే జాతికి రైతులు కాడ లేవంగనే కోసేస్తరు, అది చెట్టును బతికించనీకి కాదు, చక్కెర పూలకు పోకుండ గడ్డలనే ఆపుకొని సారా తీయనీకి! ఇంగ్లీషోళ్లు దీనికి వందేండ్ల మొక్క అని పేరు పెట్టిండ్రు గానీ మామూలుగ 10 నుంచి 30 ఏండ్లల్లనే పూస్తది, మీదేం తొందరపడలే.

అరిష్టం అన్న పక్కింటామె పెరట్ల అరటిచెట్టు ఉందా అడగండి. అది కూడ ఒక్క గెల వేసి పోయేదేగా, గెల కొట్టినంక బోదెను మనమే నరికేస్తం, పిలక లేస్తదని ఎవరం బాధపడం. మీ కిత్తనార మొదట్ల కూడ చుట్టూ పిలకలు ఉంటయి, వెతకండి. వానలు పడ్డంక తవ్వి గట్టు పొడుగునా పెట్టుకోండి. కొన్ని రకాలకు పూలు రాలినంక కాడ మీదనే చిన్న చిన్న మొక్కలు వస్తయి, అవి కూడ నాటుకోవచ్చు. ఎండిన కాడ గాలికి పడ్తది, పిల్లలను దాని కింద ఆడనియ్యకండి. పచ్చి మట్టలు కోసేటప్పుడు రసం తగిలితే దురద, చేతులకు గ్లవ్స్ వేసుకోండి.

ప్రశ్న: మా అచ్చంపేట దిక్కు వాగు ఒడ్డున వెదురు పూసింది, కరువొస్తదంటున్నరు, నిజమేనా?

జవాబు: ఉత్తగ పుట్టిన మాట కాదు. మిజోరంల ఒక రకం వెదురు 48 ఏండ్లకోసారి కొండలకు కొండలే ఒక్కపారి పూస్తది, 1958-59ల అట్లనే పూస్తే ఆ గింజలు తిని ఎలుకలు విపరీతంగ పెరిగినయి, గింజలు అయిపోంగనే పంటల మీద పడ్డయి, నిజంగనే కరువొచ్చింది, మళ్లీ 2006-07ల కూడ అదే తంతు. మన దిక్కు ఉండే సాధన వెదురు, ముళ్ల వెదురు వేరే జాతులు, మీ వాగు ఒడ్డున నాలుగు పొదలు పూస్తే వచ్చే కరువేం లేదు. గింజ అచ్చం వడ్లగింజ లెక్క ఉంటది, దంచితే వెదురు బియ్యం, వండుకొని తినొచ్చు. విత్తనానికి కావాలంటే మాత్రం ఈ వానకాలమే చల్లండి, ఎక్కువ రోజులు దాస్తే మొలవదు. ఎండిన పొదల కాడ బీడీలు తాగొద్దని పశువులు కాసేటోళ్లకు గట్టిగ చెప్పండి, నిప్పురవ్వ పడ్తే చాలు అంటుకుంటది.

ప్రశ్న: కేరళ మున్నార్ కొండల మీది నీలం పూల పొద నీలకురింజి మళ్లెప్పుడు పూస్తది? (మిర్యాలగూడ)

జవాబు: 12 ఏండ్లకోసారి. పోయినసారి 2018, లెక్క ప్రకారం 2030. ఆగస్టు నుంచి అక్టోబర్ నడుమ పోండి, రూములు ముందే బుక్ చేసుకోండి.