కుక్కకు షుగర్ వస్తే మాత్రలు సరిపోతాయా? ముందు సిరంజి మూత ఏ రంగో చూడండి

ప్రశ్న: మా పదేళ్ల కుక్కకు షుగర్ అన్నారు. రోజుకు రెండు ఇంజెక్షన్లంటే భయంగా ఉంది. మా అమ్మ వాడే మెట్‌ఫార్మిన్ లాంటి మాత్రలతో నెట్టుకురాలేమా?

నెట్టుకురాలేరండి. పిల్లి అయితే వేరే సంగతి, కుక్కకు మాత్రం కుదరదు. మనలో పెద్దవయసులో షుగర్ వచ్చినవాళ్లకి ఒంట్లో ఇన్సులిన్ ఎంతో కొంత ఊరుతూనే ఉంటుంది. మాత్రలు ఆ ఉన్నదాంతో పని నడిపిస్తాయి. కుక్కల్లో దాదాపు ఎప్పుడూ ఇన్సులిన్ తయారుచేసే కణాలే పోతాయి. అసలే లేనప్పుడు మాత్ర దేంతో నడిపిస్తుంది? ఈ ముక్క మా అత్తయ్యకు అర్థమయ్యేలా చెప్పేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఆవిడా షుగర్ మనిషే. "నా గోళీ సగం విరిచి పెరుగన్నంలో కలిపెయ్యి అమ్మాయ్, నోరులేని జీవాన్ని సూదులతో పొడవడం ఎందుకు" అని ఒకటే పోరు. కాకరకాయ రసం పట్టమన్నవాళ్లు, మెంతులు నానబెట్టమన్నవాళ్లు సరేసరి.

మా కుక్క పేరు చిన్ని, పొమేరియన్, నాటు కలిసిన పిల్ల. బాల్కనీలో అది ఒంటేలు పోసిన చోట చీమలు బారులు తీరడం చూసి నాకు అనుమానం వచ్చింది. గిన్నెలు గిన్నెలు నీళ్లు తాగేది, అన్నం తింటూనే చిక్కిపోయేది. డాక్టర్ గారు రెండు పూటలా తిండి తిన్నాక ఆరేసి యూనిట్లు రాశారు. అది మా చిన్ని బరువుకి రాసిన లెక్క, మీరు పట్టుకుపోకండి.

సూది సంగతికొస్తే, అది వెంట్రుకంత సన్నం. వీపు మీద వదులు చర్మం గుడారంలా పైకి లాగి గుచ్చితే చిన్ని గిన్నె నాకుతూనే ఉంటుంది, తల కూడా తిప్పదు. కాకపోతే బొచ్చు ఎక్కువ కాబట్టి ఒక్కోసారి సూది చర్మం అటువైపుకి దూసుకుపోయి మందంతా బొచ్చు పాలవుతుంది. చెయ్యి పెడితే తడి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆసుపత్రి వార్డు వాసన. అప్పుడు మళ్లీ పొడవకూడదు. లోపలికి ఎంత పోయిందో తెలీదు కాబట్టి ఆ పూటకి వదిలేయాలి.

భయపడాలనుకుంటే సిరంజిని చూసి భయపడండి. ఈ మాట ఎవరూ సరిగ్గా చెప్పరు, అందుకే ఇంత రాస్తున్నాను.

కనుమ రోజు సాయంత్రం, ఇంటినిండా చుట్టాలు. ఎవరో కూల్‌డ్రింక్ కోసం ఫ్రిజ్ తలుపు విసురుగా లాగారు, చిన్ని ఇన్సులిన్ సీసా కిందపడి పగిలింది. పండగపూట మందుల షాపులు మూత. మా ఆయన ఇంజనీరు, ఆయన దగ్గర అన్నిటికీ ఉపాయం ఉంటుంది. "అమ్మ పెన్నులో ఇన్సులిన్ ఉందిగా, ఆ కార్ట్రిడ్జ్‌లోంచి ఆరు గీతలు లాగేద్దాం" అన్నారు. సిరంజి తీసి మూత కూడా ఊడదీశారు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

లెక్క ఇదీ. చిన్నికి వాడేది ఎర్ర మూత సిరంజి, అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే మందు కోసం గీతలు గీసినది. అందులో ఆరో గీత దాకా లాగితే 0.15 మిల్లీలీటర్లు. పెన్ను కార్ట్రిడ్జ్‌లో మిల్లీలీటరుకి 100 యూనిట్లు. అదే ఆరో గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 15 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు. షుగర్ పడిపోయి వణుకు, తూలడం, ఫిట్స్, ఆ తర్వాత చెప్పక్కర్లేదు. పైగా అత్తయ్యది త్వరగా పనిచేసేదీ నిదానంగా పనిచేసేదీ కలిపిన మిక్స్ రకం, చిన్నిది ఎన్‌పీహెచ్ అనే నిదానం రకం, రెండూ ఒకటి కాదు. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే ఆయన కంగారేమీ పడలేదు. "ఈ పూటకి మానేయండి. ఒక డోసు పోతే షుగర్ కాస్త పెరుగుతుంది, రేపు చూసుకుందాం. ఎక్కువ పడితే మాత్రం రేపటిదాకా ఆగదు" అన్నారు. మా ఆయన ఆ రాత్రంతా ముభావంగానే ఉన్నారు.

పొద్దున్నే షాపు తీయించాను. సీసా సరైనదే ఇచ్చాడు, సిరంజిలు మాత్రం నారింజ మూతవి. "ఇవి 100వి కదా బాబూ" అంటే, "అన్నీ ఇన్సులిన్ సిరంజిలే మేడమ్, ఏదైనా ఒకటే" అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఒకటెలా అవుతుంది? 40 మందుని అందులో ఆరో గీత దాకా లాగితే 2.4 యూనిట్లే వెళ్తాయి. సగం కూడా కాదు. మందు పనిచేయట్లేదని డోసు పెంచుకుంటూ పోయి, ఏదో ఒకరోజు సరైన సిరంజి చేతికొస్తే ఇంతే సంగతులు. ఓనరుగారొచ్చి వెనక అరలోంచి ఎర్ర మూతవి తీసేదాకా నేను కౌంటర్ దగ్గర్నుంచి కదల్లేదు.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. అమెరికా వాళ్ల రాతలు చదివితే 40 అంటే జంతువుల మందు, 100 అంటే మనుషుల మందు అని ఉంటుంది. అక్కడ అంతే మరి. పంది క్లోమం (ఇన్సులిన్ ఊరే గ్రంథి) నుంచి తీసిన పశువుల ఇన్సులిన్ వాళ్లకు 40లో దొరుకుతుంది. కుక్క ఇన్సులిన్, పంది ఇన్సులిన్ అచ్చంగా ఒకటే, మనిషిదానికి ఒక్క అమైనో ఆమ్లమే తేడా. మన దగ్గర మనుషుల సీసాలే ఎక్కువగా 40లో వస్తాయి, పెన్నులవి 100. అక్కడి సలహా ఇక్కడ వాడితే లెక్క తలకిందులవుతుంది. సీసా మీద అంకె చూడండి, మూత రంగు చూడండి, ఇంకెవరి మాటా వినకండి, నా మాటతో సహా.

పిల్లుల సంగతి అన్నాను కదా. వాటికి వచ్చేది చాలావరకు మన రకం షుగరే. మొదట్లోనే అదుపు చేస్తే కొన్నిటికి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అమెరికాలో 2022 డిసెంబర్‌లో బెక్సాగ్లిఫ్లోజిన్ అనే మాత్రకి, మరుసటి ఏడాది వెలాగ్లిఫ్లోజిన్ అనే నోటి ద్రవానికి పిల్లుల కోసం అనుమతి ఇచ్చారు. అవి కూడా అంతకుముందు ఇన్సులిన్ వాడని పిల్లులకే, రక్తపరీక్షలన్నీ చేశాకే. ఈ వార్త మా వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసరికి "కుక్కల షుగర్‌కి మాత్ర వచ్చేసింది" అయి కూర్చుంది.

"కుక్కకి ఇన్సులినా, విడ్డూరం" అని పక్కింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు. విడ్డూరమేముంది? క్లోమం పోతే షుగర్ వస్తుందని 1889లో తెలిసింది కుక్క క్లోమం తీసి చూస్తేనే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఆ మందు ముందు ఎక్కించింది కుక్కలకే. మనిషికి అందింది 1922 జనవరిలో. వాటి దయవల్ల వచ్చిన మందు వాటికి వేయడానికి మనం ముక్కు విరవడమేంటి?

నన్నడిగితే మన ఇళ్లలో కుక్కలకి షుగర్ తెచ్చేది టీలో ముంచి పెట్టే బిస్కెట్లే. డాక్టర్ గారు ఒప్పుకోరు, నేనూ నా మాట మార్చుకోను. షుగర్‌ఫ్రీవి పెడదామనుకుంటారేమో, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్నవి కుక్కలకు విషం. ఇంకో మంట ఏంటంటే, దురద అని తీసుకెళ్తే వెంటనే స్టెరాయిడ్ పొడిచి పంపేయడం. దాంతో షుగర్ పెరుగుతుందని చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. మేము అంతకుముందు చూపించిన చోట చిన్నికి ఎన్నిసార్లు పొడిచారో, చీటీ మీద ఒక్కసారీ రాయలేదు.

కళ్లకి పొర రావడం మాత్రం చాలా కుక్కల్లో తప్పదు, చాలావాటికి ఏడాది లోపే వస్తుంది. చిన్నికీ వచ్చింది. సోఫా జరపనంతకాలం ఇల్లంతా దర్జాగానే తిరుగుతుంది.

మీది ఆడో మగో రాయలేదు. ఆడదై, గర్భసంచి ఆపరేషన్ కాకపోయుంటే డాక్టర్‌ని మొదట దాని గురించే అడగండి. హీట్‌కి వచ్చి వెళ్లాక ఊరే హార్మోన్ల వల్ల ఇన్సులిన్ ఎంత వేసినా ఆనదు. చిన్నికి ఆపరేషన్ అయ్యాకే డోసు ఒక దారికొచ్చింది. బరువెంతో, డాక్టర్ ఏ ఇన్సులిన్ రాశారో కింద పెట్టండి, సిరంజి లెక్క సరిపోయిందో లేదో చూసి చెప్తాను.