మానసిక జబ్బు ఉంటే ఆస్తిలో వాటా పోతుందా?

ప్రశ్న: మా నాన్నగారు వీలునామా రాయకుండా చనిపోయారు. ఆయన సొంతంగా కొన్న నాలుగెకరాల పొలం ఉంది. అమ్మ, అన్నయ్య, నేను, తమ్ముడు ఉన్నాం. తమ్ముడికి పన్నెండేళ్లుగా స్కిజోఫ్రీనియా. మందులు వాడుతూ కిరాణా కొట్టులో లెక్కలు రాస్తున్నాడు. ‘పిచ్చివాడికి వాటా ఏంటి, వాటా వదులుకున్నట్టు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేయించండి’ అని అన్నయ్య పట్టుబడుతున్నాడు. అన్నయ్య మాటే చెల్లుతుందా?

జవాబు: చెల్లదమ్మా. జబ్బు ఉందనో, అంగవైకల్యం ఉందనో ఎవరి వారసత్వ హక్కూ పోదని హిందూ వారసత్వ చట్టం, 1956లోని 28వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మీ నలుగురికీ సమాన వాటా, అంటే తలా ఎకరం. అందులో మీ ఎకరం కూడా ఉంది, దాన్ని మర్చిపోకండి.

ఇక ఆ వేలిముద్ర సంగతి. రోజూ లెక్కలు రాసే మనిషికి సంతకం చేయడం రాదా? వేలిముద్రే కావాలనడం నాకు అనుమానంగా ఉంది. జబ్బు పేరు చీటీ మీద ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనివాడని అనకూడదు. కోర్టు అలా ప్రకటిస్తే తప్ప మతిస్థిమితం లేనివాడిగా లెక్కించకూడదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 అంటోంది. కాంట్రాక్టు చట్టం చూసేది కూడా ఒక్కటే: సంతకం చేసే సమయానికి విషయం అర్థమై, తన మంచిచెడ్డలు తేల్చుకోగలడా లేదా అని. అర్థం కాని స్థితిలో చేయించిన దస్తావేజు చెల్లదు. అర్థమైనా, జబ్బు మనిషిని లొంగదీసి రాయించుకుంటే దాన్ని కోర్టులో రద్దు చేయించవచ్చు.

నేను వాదించిన ఒక భాగ పంపకాల దావాలో ఎదుటి పక్షం ఇదే మాట అంది. జడ్జిగారు మానసిక జబ్బున్న నా కక్షిదారును దగ్గరికి పిలిచి పొలం హద్దులు అడిగారు. నాలుగు దిక్కులూ, పక్క రైతుల పేర్లతో సహా చెప్పాడు. ఎదుటి లాయరు ఆ వాదన మళ్లీ ఎత్తలేదు. మీ తమ్ముడు కూడా తన పేరు మీదే దావా వేయవచ్చు. తన విషయాలు తాను చూసుకోలేడని విచారణలో తేలితేనే కోర్టు ఆయన తరఫున మరొకరిని అనుమతిస్తుంది. అప్పుడు కూడా కోర్టు అనుమతి లేకుండా ఆ వ్యక్తి రాజీ పడటానికి వీల్లేదు.

ఇప్పుడు చేయాల్సింది: డాక్టరు దగ్గర తమ్ముడి ప్రస్తుత పరిస్థితి మీద సర్టిఫికెట్ తీసుకోండి. మందుల చీటీలు, కొట్టు లెక్కల పుస్తకాలు భద్రం చేయండి. పొలం అమ్మకానికి పెడతారని భయం ఉంటే ఇద్దరూ కలిసి భాగ పంపకాల దావా వేసి, అమ్మకుండా ఆపే ఉత్తర్వు (ఇంజంక్షన్) అడగండి. ఫీజుల గురించి టెన్షన్ వద్దు. మహిళగా మీరు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు తమ్ముణ్ణి వెంటబెట్టుకెళ్లండి. లాయరు అడిగేవాటికి ఆయన్నే జవాబు చెప్పనివ్వండి.