టైట్స్ పంపిస్తాను, పాత హార్నెస్ మాత్రం అడక్కు

రాజమండ్రి

బుజ్జమ్మా,

మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, దీనికి అచ్చం నీ బుద్ధులే వచ్చాయి" అంటూ మొదలుపెట్టింది. అక్టోబరులో నువ్వూ నీ స్నేహితులూ అమెరికాలోని ఆరిగన్‌లో స్మిత్ రాక్ కొండలకి వెళ్తున్నారట. అందరూ ఎనభైల నాటి రంగురంగుల టైట్స్ వేసుకుని కొండ ఎక్కుతారట. నా పాత బట్టలు ఉన్నాయేమో అడగమన్నావట. నాకు టెన్షనూ గర్వమూ రెండూ ఒకేసారి పట్టుకున్నాయి. అటక మీద ట్రంకు పెట్టె దింపించాను. ఉన్నాయి, రెండు జతలు.

నీకు తెలిసినవే ముందు రాసేస్తాను, రాయకపోతే నాకు నిద్ర పట్టదు. నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లు, అక్కడి గాలి పొడిగా ఉంటుంది. పొద్దున్నే చలి కొరుకుతుంది, టైట్స్‌లోని లైక్రా గుడ్డని నమ్ముకోకుండా స్వెట్టర్ పెట్టుకో. తాడు తగిలించడానికి రాయిలో బిగించిన మొదటి బోల్టు అక్కడ చాలా ఎత్తులో ఉంటుంది కాబట్టి పొడుగు కర్రతో తాడు ముందే తగిలించుకో, నవ్వేవాళ్లని నవ్వనీ. తాడు కింది కొసకి ముడి వేయించు. హెల్మెట్ పెట్టుకో. ఎనభైల ఫోటోల్లో ఎవరి నెత్తినా హెల్మెట్ కనపడదు నిజమే కానీ, మా ఫ్యాషన్లో ఆ ఒక్కటీ తీసుకోవద్దు. ఆ కొండ రాళ్లు ఊడిపడే రకం.

ఇక బట్టల సంగతి. మీ స్నేహితులు వీటిని ఎగతాళి వేషంగా అనుకుంటున్నట్టున్నారు. మేం వేషం వేయలేదమ్మా. మాకు ముందు తరం వాళ్లు యూరప్‌లో మోకాళ్ల దాకా ఉండే దళసరి ప్యాంట్లూ, పొడుగు ఉన్ని మేజోళ్లూ వేసుకుని ఎక్కేవాళ్లు. డెబ్భైలలో కాలిఫోర్నియా యోసెమిటీలో కుర్రాళ్లు గోడలకి రంగులేసే పనివాళ్ల తెల్ల ప్యాంట్లు తొడుక్కునేవాళ్లు. బండలో ఉన్న పగుళ్లలో చేతులూ కాళ్లూ దూర్చి ఎక్కడానికి అవి సరిపోయాయి.

స్మిత్ రాక్ అలాంటిది కాదు. అగ్నిపర్వతం బూడిద గట్టిపడి రాయి అయిన చోటు అది. ఎక్కాల్సింది పగుళ్లు లేని నిటారు గోడల మీద, వేలి కొస పట్టేంత అంచులు పట్టుకుని. అలా ఎక్కవచ్చని చూపించింది ఆలన్ వాట్స్ అనే కుర్రాడు. పక్కనే మద్రాస్ అనే ఊళ్లో పెరిగాడు. నవ్వకు, నిజంగానే ఆరిగన్‌లో మద్రాస్ ఉంది. దుకాణంలో మన మద్రాస్ గుడ్డ తాను చూసి ఆ పేరు పెట్టారని అక్కడివాళ్లు చెబుతారు. 1983లో అతను చెయిన్ రియాక్షన్ అనే దారి ఎక్కాడు. దాదాపు అప్పుడే స్పెయిన్ నుంచి బోరియల్ కంపెనీ ఫిరే బూట్లు అమెరికాకి వచ్చాయి. వాటి అడుగు రబ్బరు రాయికి అంటుకుపోయేది. దాంతో అందరి ధ్యాసా చేతుల మీంచి పాదాల మీదకి మళ్లింది. కాలు నడుం దాకా ఎత్తాలి, ఎత్తిన కాలు ఎక్కడ పెడుతున్నామో కంటితో చూడాలి. మోకాలి దగ్గర గుడ్డ పొంగితే అంచు కనపడదు.

ఆరిగన్‌లోనే కార్వాలిస్‌లో ఎం.ఎస్. చదివేటప్పుడు నేను మొదట చుడీదార్‌తోనే ఎక్కాను. కాలు పైకి లేపితే పిక్క దగ్గర పట్టేసేది. నాతో వచ్చే అమ్మాయి డ్యాన్సు సామాన్ల దుకాణానికి తీసుకెళ్లింది. డ్యూపాంట్ కంపెనీ వాళ్లు లైక్రా అనే ఆ సాగే దారం కనిపెట్టింది 1958లో. మా కాలానికి సైకిళ్లవాళ్లూ, డ్యాన్సర్లూ, టీవీ ముందు ఏరోబిక్స్ చేసేవాళ్లూ అందరూ అందులోనే ఉన్నారు. మేం ఎత్తుకొచ్చుకున్నాం, అంతే. ఒక జత ఊదారంగు, ఇంకోటి నారింజ మీద నల్ల చారలు.

ఆ చారల దాంట్లో గోడ మీద వేలాడుతున్న ఫోటో ఇంటికి పంపాను. మీ అమ్మమ్మ జవాబు రాసింది, "చదువుకోడానికి పంపితే దసరా పులివేషం కట్టావా" అని. ఆ ఫోటోని ఎవరి కంటా పడకుండా పంచాంగం కింద దాచిందట. తాతగారు వెతికి తీసి చూసి, "ఈ గోడకి పట్టుకోడానికి ఏముందే?" అని మాత్రం అడిగారట. తాతగారికి బట్టలు కనపడలేదు, చేతులు కనపడ్డాయి. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు సంతోషం.

రంగులకీ కారణం ఉంది. మట్టిరంగు రాతి మీద మట్టిరంగు చొక్కా వేసుకున్న మనిషి ఫోటోలో కనపడడు. పత్రికల్లో బొమ్మ పడాలంటే గులాబీ, నిమ్మపచ్చ, చిలకాకుపచ్చ ఉండాల్సిందే. పైగా అప్పుడే పోటీలు మొదలయ్యాయి. 1985లో ఇటలీలోని బార్దొనెక్కియాలో, 1988లో అమెరికాలోని స్నోబర్డ్‌లో. స్నోబర్డ్‌లో అయితే హోటల్ గోడకే పట్టులు బిగించి ఎక్కించారు. గెలిచినవాళ్లిద్దరూ ఫ్రెంచివాళ్లే, పాట్రిక్ ఎడ్లంజే, కాథరీన్ దెస్తివెల్. ఎడ్లంజే ఎక్కుతుంటే కష్టపడుతున్నట్టే ఉండేది కాదు. ఫ్రాన్స్‌లో ఏం తొడుక్కుంటే అదే మాకూ కావాలి.

పాతవాళ్లకి మేమంటే మంట. వాళ్ల లెక్కలో కింద నుంచి ఎక్కుతూనే బోల్టు కొట్టాలి. స్మిత్‌లో పైనుంచి తాడు మీద దిగి ముందే బోల్టులు కొట్టుకునేవాళ్లు. ఆ కోపమంతా మా టైట్స్ మీద చూపించేవాళ్లు. "లైక్రా బ్యాచ్" అంటే అప్పట్లో తిట్టే. 1986లో ఫ్రాన్స్ నుంచి జాన్ బాప్తిస్త్ త్రిబూ వచ్చి అమెరికాలో మొట్టమొదటి 5.14 దారి (ఆ అంకె దారి ఎంత కష్టమో చెప్పేది) అక్కడే ఎక్కాక ఆ తిట్లు కాస్త తగ్గాయి. తొంభైలు వచ్చేసరికి అందరూ వదులు ప్యాంట్లలోకి మారిపోయారు. అలా ఎందుకు మారారో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆ వదులు బట్టలంటే నాకు ఇప్పటికీ పడదు. ఎందుకంటావా, అసలు ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం. జాగ్రత్తగా చదువు.

లిన్ హిల్ పేరు నీకు తెలుసు. యోసెమిటీలో ఎల్ కాపిటాన్ కొండ మీద నోస్ అనే దారిని 1993లో చేతులతో కాళ్లతో మాత్రమే, తాడు పడితే ఆపడానికే ఉంచుకుని, ఎక్కిన మొదటి మనిషి. ఆడవాళ్లలో మొదటిది కాదు, మనుషుల్లోనే మొదటిది. దానికి నాలుగేళ్ల ముందు, 1989 మే నెలలో, ఆమె ఫ్రాన్స్‌లోని బ్యూక్స్ కొండ దగ్గర ఉంది. ఒళ్లు వేడెక్కడానికి తేలిక దారి ఒకటి ఎక్కుదామనుకుంది. తాడు కొస నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీల హార్నెస్‌లోకి దూర్చింది. ముడి వేయబోతూ, బూట్ల పని చూసుకుందామని ఆగింది. ఎవరితోనో మాటల్లో పడింది. ముడి సంగతి మర్చిపోయింది. ఎక్కేసింది. పైకి చేరి, కిందికి దింపమని వెనక్కి వాలింది. తాడు జారిపోయింది. సుమారు 22 మీటర్లు కింద పడింది. చెట్టు కొమ్మలు అడ్డుపడ్డాయి కాబట్టి మోచేయి తొలిగి, పాదంలో ఎముక విరిగి బతికింది.

ఆమె కొత్తది కాదు, అప్పటికి ప్రపంచంలో పేరున్న మనిషి. దారి కష్టమైనదీ కాదు. వార్త మా గుంపుకి చేరినప్పుడు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. కష్టమైన దారిలో భయపడి నాలుగుసార్లు చూసుకుంటాం. తేలిక దారి దగ్గర నవ్వుతూ, ఫోటోలు తీసుకుంటూ చూసుకోం. మీరు వెళ్తున్నదీ అలాంటి రోజుకే కదా! వేషాలు, కెమెరాలు, కబుర్లు. ముడి సగంలో ఉండగా "ఇటు తిరుగు, ఒక్క ఫోటో" అని ఒకరు పిలుస్తారు. పిలిస్తే పలకకు. ముడి వేసేటప్పుడు నేను పిలిచినా పలకకు. ముడి పూర్తి చేసి, గట్టిగా లాగి, ఆ తర్వాత తలెత్తు. ఎక్కే ముందు తాడు పట్టేవాళ్లు నీ ముడినీ బకిల్‌నీ చేత్తో ముట్టి చూడాలి, నువ్వు వాళ్లవి చూడాలి. అవతల ఉన్నది ఎంత పెద్ద క్లైంబరైనా సరే, మొహమాటం వద్దు.

టైట్స్‌లో నాకు నచ్చే గుణం ఇదే. పది అడుగుల దూరం నుంచి చూసినా నడుము మీద ముడి ఉందో లేదో తెలిసిపోయేది. ఆ తర్వాత వచ్చిన పెద్ద పెద్ద చొక్కాలు హార్నెస్ మీద వేలాడి అన్నీ కప్పేశాయి.

హార్నెస్ కూడా పంపమన్నావట, ఫోటోకి అసలైనదిలా ఉంటుందని. చచ్చినా పంపను. నైలాను పట్టీలు పెట్టెలో ఉన్నా ముసలివవుతాయి. వాడకపోయినా పదేళ్లకి పారేయమని తయారుచేసేవాళ్లే చెబుతారు. నాది నలభై ఏళ్ల నాటిది. ట్రంకు పెట్టెలోంచి తీసి అప్పుడే కత్తెరతో ముక్కలు చేసేశాను, ఎవరికీ ఆశ పుట్టకుండా. నీది కొత్తదే వేసుకో, రంగు కలవకపోయినా ఫర్వాలేదు.

నీ తొడలు లావుగా కనపడతాయేమోనని బెంగ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. పిచ్చిదానా! ఆ తొడలే నిన్ను పైకి నెట్టేది. నన్ను ఆ గోడ కింద ఎంతోమంది తేరిపార చూశారు. రెండో బోల్టు దాటాక కింద ఎవరున్నారో కూడా నాకు గుర్తుండేది కాదు.

లైక్రా నునుపు, హార్నెస్ పైకి జారుతుంది, నడుము పట్టీ ఇంకో లాగు బిగించుకో. చాక్ పొడి అంటిన చేతులు తుడుచుకుంటే ఊదారంగు మీద తెల్ల అచ్చులు పడతాయి, అది అందంగానే ఉంటుంది. తాడు కాలి వెనక్కి పోనివ్వకు. జారితే తలకిందులవుతావు, పైగా ఆ రాపిడికి గుడ్డ కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఊదారంగుది మోకాలి దగ్గర సాగుడు పోయింది, చారలదే గట్టిగా ఉంది. ముందు చారలది తొడుక్కుని ఇంట్లో కూర్చుని లేచి చూడు. పిగిలేదైతే అక్కడే పిగలనీ. చల్లనీళ్లలో ఉతుకు, డ్రయర్‌లో వేయకు. పార్సిల్ సోమవారం పంపిస్తాను, నీ అపార్ట్‌మెంట్ నంబరు మీ అమ్మ తప్పు చెప్పిందేమోనని అనుమానంగా ఉంది, మళ్లీ మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ